నీ నేర్పుకు దండం

లేబర్ పార్టీ! ఎన్నికల విద్యలో నీకున్న నేర్పు చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. 2024 జులై 4న బ్రిటన్ పార్లమెంటుకు జరిగిన ఎన్నికల్లో 650 సీట్లకు 411 గెలిచావు. వచ్చిన ఓట్లు 33.7 శాతం. ఓటేసిన ప్రతి ముగ్గురిలో ఇద్దరు నిన్ను కాదన్నారు, అయినా సభలో ప్రతి ఐదు కుర్చీల్లో మూడు నీవే అయ్యాయి. ఇంత తక్కువ ఓట్ల శాతంతో సొంత మెజారిటీ తెచ్చుకున్న పార్టీ ఆ దేశ చరిత్రలో మరొకటి లేదు. 2017లో జెరెమీ కార్బిన్ నాయకుడిగా ఉన్నప్పుడు నీకు 40 శాతం ఓట్లు వచ్చాయి, అంటే సుమారు 1 కోటి 29 లక్షలు. ఓడిపోయావు. 2019లో 1 కోటి 2 లక్షల పైచిలుకు వచ్చాయి. 202 సీట్లకు పడిపోయి, 1935 తర్వాత ఎన్నడూ ఎరగనంత ఓటమి చూశావు. 2024లో వచ్చినవి 97 లక్షలే, ఘనవిజయం. చిత్తుగా ఓడిన ఏడాదికంటే తక్కువ ఓట్లతో దేశాన్ని ఏలడం మాటలు కాదు.

ఆ నేర్పు వెనకున్న లెక్క తెలిసినవాళ్ళకు గౌరవం ఇంకా పెరుగుతుంది. అక్కడా మన దగ్గరలాగే నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవాడు గెలుస్తాడు. కంచుకోటలో ఇరవై వేల మెజారిటీ వచ్చినా ఒక్క సీటే, రెండు వందలతో గట్టెక్కినా ఒక్క సీటే. కాబట్టి ఎలాగూ నీకే వేసే ఊళ్ళలో తిరగడం దండగని గ్రహించావు. చుట్టాలకు పాయసం వండి పెట్టి, కన్నవాళ్ళను చద్దన్నంతో సరిపెట్టుకోమన్న కొడుకులాగా, మనుషుల్నీ డబ్బునీ నాయకుడి సమయాన్నీ తీసుకెళ్ళి అంతవరకూ కన్జర్వేటివ్‌లకు ఓటేసిన గుమ్మాల ముందు పెట్టావు. నువ్వు కోరినట్టే జరిగింది. బాగా బలమున్న చోట్ల నీ ఓటు తగ్గింది, అవసరమైన చోట్ల నిలబడింది. నైజెల్ ఫరాజ్ నడిపే రిఫార్మ్ పార్టీ కన్జర్వేటివ్ ఓటును నిలువునా చీల్చడం నీకు కలిసొచ్చిన మాట నిజమే. కలిసొచ్చినదాన్ని వాడుకోవడం కూడా నేర్పే. దాన్ని నేను పొగుడుతున్నాను. దానికి ఖర్చు ఎవరు పెట్టుకున్నారో కూడా చెబుతాను.

తెలుగువాడికి నీ గొడవెందుకని అడగొచ్చు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసు వీధిలో టంగుటూరి ప్రకాశం పోలీసు తుపాకీకి రొమ్ము చూపి నిలబడ్డారు. ఆ కమిషన్ సభ్యుల్లో క్లెమెంట్ అట్లీ ఒకడు, నీ ఎంపీ. పంతొమ్మిదేళ్ళ తర్వాత ప్రధానిగా భారత స్వాతంత్ర్య చట్టాన్ని పార్లమెంటులో నెగ్గించినవాడూ ఆ అట్లీయే. ఎదుటివాడి కోపంలో న్యాయం ఉందని కనిపిస్తే మనసు మార్చుకునే శక్తి నీకు అప్పుడు ఉండేది. నీ ప్రభుత్వం పెట్టిన ఆసుపత్రుల్లో తరాలుగా మన డాక్టర్లు పనిచేశారు, చేస్తున్నారు. ఇండియా పాస్‌పోర్టుతో అక్కడ చట్టబద్ధంగా ఉంటున్నవాళ్ళకు, కామన్వెల్త్ పౌరులు కావడం వల్ల, ఓటు హక్కు కూడా ఉంది. నీ మంచి చెడ్డల్లో మాకూ పాలుంది.

నీ పుట్టుక తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 1900 ఫిబ్రవరి 27న లండన్‌లోని ఫారింగ్‌డన్ వీధి మెమోరియల్ హాలులో యూనియన్లవాళ్ళు, సోషలిస్టు సంఘాలవాళ్ళు కలిసి కూర్చుని, పార్లమెంటులో పనివాళ్ళ తరఫున పనివాళ్ళే మాట్లాడాలని తీర్మానించారు. ఆ మరుసటి ఏడాదే టాఫ్ వేల్ రైల్వే కేసులో, సమ్మె వల్ల కంపెనీకి వచ్చిన నష్టాన్ని యూనియన్ చెల్లించాలని ప్రభువుల సభ తీర్పిచ్చింది. చట్టం చేసే చోట మనవాడు లేకపోతే ఏమవుతుందో ఒక్క దెబ్బతో అందరికీ తెలిసొచ్చింది. నిన్ను నిలబెట్టిన కీర్ హార్డీ పదేళ్ళ వయసులో బొగ్గు గనిలో పనికి కుదిరిన పిల్లవాడు. 1892లో పార్లమెంటులో అడుగుపెట్టినప్పుడు పట్టు టోపీల మధ్య మామూలు గుడ్డ టోపీతో వెళ్ళాడు.

అనైరిన్ బెవన్ కూడా అలాంటివాడే. వేల్స్ లోయల్లో ట్రెడిగార్ అతని ఊరు. పదమూడేళ్ళకు బడి మాని గనిలో దిగాడు. ఆ ఊళ్ళో గని కార్మికులు, ఉక్కు కార్మికులు వారం వారం జీతంలోంచి కొన్ని పెన్నీలు తీసి మెడికల్ ఎయిడ్ సొసైటీకి కట్టేవాళ్ళు. ఆ డబ్బుతో డాక్టర్ని పెట్టుకున్నారు, మందులు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు ఏర్పాటు చేసుకున్నారు. బెవన్ ఆరోగ్య మంత్రి అయ్యాక సొంత ఊరి ఏర్పాటునే దేశమంతటికీ విస్తరించాడు. 1948 జులై 5న నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. అంతకు ముందు చూపు మందగించిన పేదవాళ్ళు వూల్‌వర్త్స్ దుకాణానికి వెళ్ళి, బల్లమీద పెట్టిన కళ్ళజోళ్ళను ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకు చూసి, ఏది కాస్త నయమనిపిస్తే అది కొనుక్కునేవాళ్ళు. కళ్ళు పరీక్ష చేయించుకోవడం డబ్బున్నవాళ్ళ పని. కొత్త చట్టం అమలైన మొదటి ఏడాదిలోనే లక్షల మందికి తమ కంటికి సరిపడే జోడు మొదటిసారి దొరికింది. పేపరు చదవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా పక్కవాళ్ళను బతిమాలే అవసరం తప్పింది. చేతిలో పైసా లేకపోయినా దొరికింది. నీ గురించి ఒక్క మంచి మాట చెప్పమంటే నేను ఆ కళ్ళజోడే చెబుతాను.

1951లో కొరియా యుద్ధానికి ఆయుధాల ఖర్చు పెరిగిందని నీ ఆర్థిక మంత్రి హ్యూ గేట్‌స్కెల్, కళ్ళజోళ్ళకూ కట్టుడు పళ్ళకూ సగం ధర వసూలు చేయాలన్నాడు. ఆ ఏడాదికి మిగిలేది 1.3 కోట్ల పౌండ్లు, బడ్జెట్‌లో లెక్కలోకి రానంత. బెవన్ ఏప్రిల్‌లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. తర్వాతి కాలంలో ప్రధాని అయిన హెరాల్డ్ విల్సన్ కూడా అతనితోపాటే బయటికొచ్చాడు. కళ్ళజోడు ధర కోసం పదవి వదులుకునే మనుషులు నీ మంత్రివర్గంలో ఉండేవాళ్ళు.

2024 సెప్టెంబరులో మళ్ళీ నీ కళ్ళజోళ్ళ మీద చర్చ జరిగింది. ఈసారి అవి నాయకుడివి. కీర్ స్టార్మర్‌కు లార్డ్ వహీద్ అలీ అనే శ్రీమంతుడైన దాత బట్టలతోపాటు కళ్ళజోళ్ళు కూడా కొనిచ్చాడు. కళ్ళజోళ్ళ విలువ 2,485 పౌండ్లు. లెక్క విషయంలో నిన్ను మెచ్చుకోవాలి, ఆ అంకె ఎవరో తవ్వి తీసింది కాదు, నువ్వే పార్లమెంటు రిజిస్టరులో రాయించావు. గొడవ ముదిరాక ప్రధాని కొన్ని కానుకల తాలూకు 6,000 పౌండ్లకు పైగా సొమ్ము తిరిగి కట్టాడు కూడా. అవినీతి అని నేను అనను. ప్రధాని జీతం తీసుకోబోయే మనిషి కంటి అద్దాలు ఇంకొకడి డబ్బుతో వస్తే తప్పేమిటని నీ పెద్దల్లో ఒక్కరికీ అనిపించలేదే, నా బాధ అది. బెవన్ ఉంటే ఆ జోళ్ళ వంక ఎలా చూసేవాడో నువ్వు ఊహించగలవు.

ధైర్యంలోనూ నీకు సాటి లేరు. కన్జర్వేటివ్‌లు పద్నాలుగేళ్ళు ఏలి కూడా చేయి వేయడానికి జంకినదాని మీద నువ్వు గద్దెనెక్కిన నెల తిరక్కముందే చేయి వేశావు. పెన్షనర్లకు చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఇచ్చే సాయం అది. 1997లో గోర్డన్ బ్రౌన్ పెట్టాడు, నీ మంత్రే. మామూలుగా ఇంటికి 200 పౌండ్లు, ఎనభై దాటినవాళ్ళుంటే 300. 2024 జులై 29న నీ ఆర్థిక మంత్రి రేచెల్ రీవ్స్ లేచి, కన్జర్వేటివ్‌లు 2,200 కోట్ల పౌండ్ల లోటు వదిలిపెట్టి పోయారనీ, అందువల్ల ఇక బాగా పేదలకు ఇచ్చే పెన్షన్ క్రెడిట్ ఉన్నవాళ్ళకే ఈ సాయం అందుతుందనీ ప్రకటించింది. సుమారు కోటి మందికి ఆగిపోయింది. పెన్షన్ క్రెడిట్‌కు అర్హత ఉండి కూడా, ఆ దరఖాస్తు నింపలేకో, చేయి చాపడానికి మనసొప్పకో తీసుకోని కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. వాళ్ళకీ ఆగింది. సెప్టెంబరు 10న సభలో ఓటింగు పెడితే నీ ఎంపీల్లో వ్యతిరేకంగా ఓటేసినవాడు ఒక్కడు, జాన్ ట్రికెట్. డజన్ల మంది ఓటింగుకు రాలేదు. మిగతావాళ్ళంతా చేయి కలిపారు. ఆ రోజు సభలో నీ ఐక్యత చూడముచ్చటగా ఉంది.

చలి గురించి ఇక్కడున్న మనకు సరిగా తెలియదు. ఉత్తర ఇంగ్లండ్‌లో పాతకాలపు ఇటుక ఇళ్ళలో జనవరి రాత్రి హీటరు వేయాలా వద్దా అని మీటరు వంక చూసే ముసలివాళ్ళున్నారు. వాళ్ళలో చాలామంది జీవితంలో వేసిన ప్రతి ఓటూ నీకే వేశారు. పది నెలలు దాటాక, 2025 జూన్‌లో, ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న పెన్షనర్లందరికీ తిరిగి ఇస్తామన్నావు. ఆ రెండింటికీ మధ్య ఒక చలికాలం, ఒక స్థానిక ఎన్నిక గడిచిపోయాయి.

క్రమశిక్షణకు కూడా నిన్నే ఉదాహరణ చూపాలి. పేద కుటుంబంలో మూడో బిడ్డ పుడితే ఆ బిడ్డకు సాయం ఇవ్వకూడదన్న నిబంధన కన్జర్వేటివ్‌లది, 2017లో అమలుకొచ్చింది. దాన్ని ఎత్తేయాలని 2024 జులై 23న ఓటేసిన ఏడుగురు సొంత ఎంపీలను ఆ సాయంత్రమే పార్లమెంటరీ పార్టీ నుంచి సస్పెండ్ చేసి పక్కన పెట్టావు. కొత్త ప్రభుత్వానికి మూడు వారాల వయసు కూడా లేదు. 2025 నవంబరు బడ్జెట్‌లో అదే నిబంధనను నువ్వే ఎత్తేస్తున్నట్టు ప్రకటించావు. మంచి పని, నిండు మనసుతో చెబుతున్నాను. ఆ ఏడుగురూ పదహారు నెలలు ముందుగా చెప్పిన మాట అది. సరైన మాట ముందుగా అన్నవాడికి శిక్ష, ఆలస్యంగా అన్నవాడికి బల్ల చరుపులు. పార్టీని ఇంత కట్టుదిట్టంగా నడపడం అందరివల్లా కాదు.

డరం గురించి కాస్త తీరిగ్గా మాట్లాడాలి. ఇంగ్లండ్ ఈశాన్యాన ఉన్న బొగ్గు కౌంటీ అది. దేశంలో నీ చేతికొచ్చిన మొట్టమొదటి కౌంటీ కౌన్సిల్ డరం, 1919లో. ఏటా జులైలో ఒక శనివారం అక్కడ గని కార్మికుల జాతర జరుగుతుంది, 1871 నుంచీ. ఒక్కో గని ఊరివాళ్ళు తమ పెద్ద పట్టు బ్యానరు ఎత్తుకుని, బ్యాండు వాయించుకుంటూ ఊరి ఇరుకు వీధుల్లోంచి కదిలి వస్తారు. ఆ బ్యానర్ల మీద నీ నాయకుల బొమ్మలూ ఉంటాయి. హార్డీ ఉంటాడు, అట్లీ ఉంటాడు, బెవన్ ఉంటాడు. మన ఊళ్ళలో ఉత్సవ విగ్రహానికి ఇచ్చే చోటు వాళ్ళు ఆ పటాలకిచ్చారు. ఆ ఏడాది గనిలో ఎవరైనా చచ్చిపోయి ఉంటే బ్యానరు పైన నల్ల గుడ్డ కట్టి తెచ్చేవాళ్ళు. కౌంటీలో చివరి గని 1993లో మూతపడింది. బ్యానర్లు మాత్రం ఆగలేదు. చిరిగిపోయినవాటికి చందాలు వేసుకుని కొత్తవి చేయించుకున్నారు. గని లేని ఊరు గని బ్యానరు మోస్తోందంటే దానికి కారణం నువ్వు, నీ మీద నమ్మకం.

టోనీ బ్లెయిర్ నియోజకవర్గం సెడ్జ్‌ఫీల్డ్ ఆ కౌంటీలోనే ఉండేది. పార్టీ నాయకుడిగా, ప్రధానిగా ఉన్న పదమూడేళ్ళలో అతను ఒక్కసారీ ఆ జాతర వేదిక ఎక్కలేదు. 2012లో ఎడ్ మిలిబాండ్ వచ్చేసరికి, నీ నాయకుడు ఒకడు అక్కడ నిలబడి 23 ఏళ్ళయింది. ఏ మొహమాటం లేకుండా, ఎవరి పక్కన నిలబడితే లండన్ పత్రికలు మెచ్చుకోవో వాళ్ళకు దూరంగా ఉన్నావు. బ్లెయిర్ హయాంలో నువ్వు ఏమీ చేయలేదని అనను. 1999లో కనీస వేతనం అమలుకొచ్చింది. ధూళికి ఊపిరితిత్తులు పాడైన గనివాళ్ళకు పరిహారం ముట్టింది. పేదల పిల్లల కోసం ష్యూర్ స్టార్ట్ కేంద్రాలు తెరిచావు. అవి మేలు చేశాయి. కానీ ఆ ఊళ్ళకు పని తేలేదు. పని పోయిన ఊరికి సాయం అందితే ప్రాణం నిలుస్తుంది, పరువు తిరిగి రాదు. ఆ పరువు కోసమే కదా వాళ్ళు నిన్ను కన్నది.

2019లో సెడ్జ్‌ఫీల్డ్ పోయింది. 2021లో డరం కౌన్సిల్‌లో నీ మెజారిటీ పోయింది. 2025 మే 1న 98 మంది కౌన్సిలర్లను ఎన్నుకుంటే రిఫార్మ్ పార్టీకి 65 మంది, నీకు నలుగురు. నీ బ్యానర్లు మోసిన చేతులే ఆ ఓట్లు వేశాయి, లేదా ఇంట్లో కూర్చున్నాయి.

డెర్బీషర్‌లో బోల్సోవర్ కూడా అలాంటి సీటే. డెనిస్ స్కిన్నర్ అనే గని కార్మికుణ్ణి 1970 నుంచి వరసగా గెలిపిస్తూ వచ్చి, 2019లో 87 ఏళ్ళ వయసులో ఓడించింది. ఆ నియోజకవర్గంలో షైర్‌బ్రూక్ అనే ఊరుంది. ఒకప్పుడు గని ఉన్న స్థలంలో ఇప్పుడు పెద్ద గోదాము ఉంది, ఆటల బట్టలు, బూట్లు అమ్మే కంపెనీది. అక్కడి పనివాళ్ళను మనుషుల్లా చూడలేదనీ, గేటు దగ్గర సోదా చేసే సమయానికి జీతం ఇవ్వక కనీస వేతనం కంటే తక్కువ ముట్టచెప్పారనీ 2016లో పార్లమెంటు కమిటీ తేల్చింది. అదే నేల మీద తాత పనిచేసినప్పుడు యూనియన్ ఉంది, సెలవుంది, రేపటికి పనుందన్న ధీమా ఉంది. మనవడికి వారానికి ఎన్ని గంటలు పని దొరుకుతుందో తెలియదు. అతని ఓటు నీకెందుకు రాలేదని నీ ప్రచార నిపుణులు ఎన్నో సర్వేలు చేయించారు. ఆ గేటు దగ్గర పొద్దున్నే ఓ గంట నిలబడినా సరిపోయేది.

ఐరోపా సమాఖ్యలోంచి బయటికి రావాలా వద్దా అన్న 2016 ఓటింగులో హార్టిల్‌పూల్ జనం దాదాపు 70 శాతం రావాలన్నారు. అది తప్పని నేనూ అనుకుంటాను. తప్పు చేసిన తమ్ముడితో కూర్చుని మాట్లాడాలి, వాడి మాట రద్దు చేస్తామని బెదిరిస్తే పగవాడవుతాడు. 2019లో రెండోసారి ఓటింగు పెడతామని నువ్వు మేనిఫెస్టోలో రాసుకున్నావు, ఆ వ్యవహారాలు చూసింది స్టార్మరే. 2021లో హార్టిల్‌పూల్ ఉప ఎన్నిక వస్తే, సమాఖ్యలోనే ఉండాలని గట్టిగా వాదించిన మాజీ ఎంపీనే తెచ్చి నిలబెట్టావు. 1974లో నియోజకవర్గం ఏర్పడ్డ నాటి నుంచీ నీదైన సీటు కన్జర్వేటివ్‌లకు పోయింది. నమ్మిన మాటకు అంత గట్టిగా కట్టుబడటం అరుదైన గుణమే. 2020లో పార్టీ నాయకత్వానికి పోటీ చేస్తూ స్టార్మర్ ఇచ్చిన పది వాగ్దానాల మీద కూడా ఆ పట్టు ఉండుంటే ఎంత బాగుండేది. రైలు, తపాలా, కరెంటు, నీళ్ళు ప్రజల ఆస్తి కావాలన్నది అందులో ఒకటి. రైలు తప్ప మిగతావి ఒక్కొక్కటే జారిపోయాయి.

స్కాట్లాండ్ సంగతి నీకు గుర్తు చేయనక్కర్లేదు. 2014 స్వాతంత్ర్య రెఫరెండంలో కన్జర్వేటివ్‌లతో ఒకే వేదిక ఎక్కి దేశాన్ని నిలబెట్టావు. మరుసటి ఏడాది అక్కడున్న నీ 41 సీట్లలో 40 పోయాయి.

ప్రత్యర్థి దగ్గర కూడా నేర్చుకునే గుణం నీది. ఫరాజ్ పార్టీ పెరుగుతోందని చూడగానే ఫరాజ్ మాట నేర్చుకున్నావు. 2025 మే 12న స్టార్మర్, వలసలను అదుపు చేయకపోతే దేశం అపరిచితుల దీవి అయిపోతుందన్నాడు. ఆ మాట అన్నందుకు చింతిస్తున్నానని నెల గడిచాక చెప్పుకున్నాడు. చింతించడం పెద్దమనిషి లక్షణమే, కానీ చట్టాలు చింతించవు. వృద్ధుల సేవకు విదేశాల నుంచి మనుషుల్ని తెచ్చుకునే వీసా దారి ఆ జులైలో మూసేశావు. స్థిరనివాసానికి అయిదేళ్ళుంటే చాలన్నది పదేళ్ళకు పెంచుతానన్నావు. ఆ అయిదేళ్ళ లెక్క మీద ఇల్లు, పిల్లల చదువు, ఊళ్ళో తల్లిదండ్రుల వైద్యం ఏర్పాటు చేసుకున్న తెలుగు కుటుంబాలు లండన్ చుట్టుపక్కలా, ఉత్తరాది ఊళ్ళలోనూ ఎన్నో ఉన్నాయి. 1965లో జాతి వివక్షను నిషేధించే మొదటి చట్టం చేసింది నువ్వే. 1968లో కెన్యా నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టులతో వస్తున్న భారతీయులకు తలుపు మూసే చట్టం హడావుడిగా చేసింది కూడా నువ్వే. ఆ రెండు చేతుల్లో ఏది నీ చేయని ఇప్పుడు మా పిల్లలు అడుగుతున్నారు.

ఫరాజ్ మాట మాట్లాడినందువల్ల ఫరాజ్ ఓటు నీకు వచ్చిందా? ఆ ప్రసంగానికి పదకొండు రోజుల ముందు రన్‌కార్న్ ఉప ఎన్నికలో 14,696 ఓట్ల మెజారిటీ ఉన్న సీటును రిఫార్మ్‌కు 6 ఓట్ల తేడాతో పోగొట్టుకుని ఉన్నావు. ఆ ప్రసంగం తర్వాత వాళ్ళు తగ్గలేదు. అసలు సరుకు పక్క కొట్లో దొరుకుతుంటే నకలు ఎవరు కొంటారు? నగరాల్లో నిన్ను వదిలినవాళ్ళు ఇంకో దారిన వెళ్ళారు. 2024 గెలుపు గాలిలోనే గాజా విషయంలో కడుపు మండిన ముస్లింలు లెస్టర్ సౌత్‌లో నీ సీనియర్ నాయకుణ్ణి స్వతంత్రుడి చేతిలో ఓడించారు. బ్రిస్టల్ సెంట్రల్‌లో చదువుకున్న కుర్రకారు గ్రీన్స్‌ను గెలిపించారు. గుజరాతీలు ఎక్కువున్న లెస్టర్ ఈస్ట్ కన్జర్వేటివ్‌లకు పోయింది. ఒక్క రాత్రిలో మూడు రకాల మనుషులు మూడు వైపులా నడిచి వెళ్ళారు, 411 సీట్ల హోరులో తలుపు చప్పుడు నీకు వినిపించలేదు.

నీ వినయం కూడా చెప్పకుండా ఉండలేను. ప్రైవేటు రైళ్ళను వరసగా ప్రభుత్వం చేతికి తెస్తున్నావు, 2025 మేలో సౌత్ వెస్టర్న్ రైల్వేతో మొదలైంది. అదే డిసెంబరులో కార్మిక హక్కుల చట్టం చేశావు, ఎన్నో ఏళ్ళుగా యూనియన్లు అడుగుతున్నది. చేరిన మొదటి రోజు నుంచే అన్యాయపు తొలగింపు నుంచి రక్షణ ఇస్తానన్న మాటను కంపెనీల ఒత్తిడికి ఆరు నెలలకు మార్చినా, అది పెద్ద చట్టమే. కనీస వేతనం పెంచావు. ఇంకో పార్టీ అయితే ఊరూరా సభ పెట్టి చెప్పుకునేది. నువ్వు గుసగుసగా చేస్తావు. వ్యాపారులు నొచ్చుకుంటారేమో, పత్రికలు పాతకాలపు లేబర్ అంటాయేమో అని నీ భయం. ముసలివాళ్ళ దగ్గర తీసుకున్నది మాత్రం మైకు పెట్టి చెప్పావు, అప్పుడైతే బాధ్యత తెలిసిన పార్టీ అని మెచ్చుకుంటారని. పేదవాడికి ఇచ్చింది గుట్టుగా, వాడి దగ్గర లాక్కున్నది బాహాటంగా చేస్తే, వాడికి నీ గురించి తెలిసేది లాక్కోవడమే కదా తల్లీ.

వీటన్నిటికీ నీ సలహాదారులు ఇచ్చే జవాబు ఒకటుంది. కాలం మారింది, ఆ జనమే కుడి వైపుకు జరిగారు, మేమేం చేస్తాం అంటారు. కేర్‌ఫిలీ వెళ్ళి చూడమని చెబుతాను. వేల్స్‌లో గనుల లోయల నియోజకవర్గం. 1913లో 439 మంది గని కార్మికులు ఒక్క పేలుడులో చచ్చిపోయిన సెంఘెనిడ్ అక్కడే ఉంది. 1918 నుంచి పార్లమెంటుకు నిన్నే గెలిపిస్తూ వచ్చింది. 2025 అక్టోబరు 23న వేల్స్ శాసనసభకు అక్కడ ఉప ఎన్నిక జరిగింది. రిఫార్మ్ గెలుస్తుందని చాలామంది రాశారు. ఓటేయడానికి జనం మామూలుకంటే ఎక్కువ వచ్చారు, సగం మంది. గెలిచింది రిఫార్మ్ కాదు. నీకంటే ఎడమగా మాట్లాడే వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రి తరఫున, దశాబ్దాలుగా అదే ఊళ్ళో పోటీ చేసి ఓడుతూ వచ్చిన పాత కౌన్సిలరు లిండ్సే విటల్ 47 శాతంతో గెలిచాడు. రిఫార్మ్‌కు 36 శాతం, నీకు 11. ఆ 47 శాతంలో చాలామంది నిన్నటిదాకా నీవాళ్ళే. ఫరాజ్‌ను ఆపాలని వాళ్ళకూ ఉంది, ఆసుపత్రి ప్రజలదే కావాలని ఉంది, పనికి మర్యాద ఉండాలని ఉంది. ఆ పని నీవల్ల అవుతుందని మాత్రం అనుకోలేదు.